ఇద్దరికీ ఒకే మాత్ర

చిత్తూరులో అమల పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి మూడు అంతస్తులు. రెండో అంతస్తులో ఆడవాళ్ల వార్డు. పొద్దున ఏడింటికి వచ్చి ఆ అంతస్తంతా ఊడ్చి, తుడిచి, చెత్త కవర్లు మూతి కట్టి కిందికి చేర్చడం అమల పని. ఐదేళ్లుగా చేస్తోంది. తోడు ఆదిలక్ష్మమ్మ. అమలకు ముప్పై ఆరేళ్లు, ఆదిలక్ష్మమ్మకు యాభై దాటాయి. మధ్యాహ్నం మెట్ల కింద చాప పరుచుకుని ఇద్దరూ కలిసే తినేవాళ్లు. ఆదిలక్ష్మమ్మ ఊరిబిండి పచ్చడి నూరి తెస్తానని ముందురోజు చెప్పిందంటే అమల ఇంటి నుంచి ఉత్త అన్నమే తెచ్చుకునేది.

మార్చిలో ఒక బుధవారం, పదిన్నర వేళ, అమల నల్ల కవరు మూతి ముడి వేస్తూ చేత్తో కిందికి అదిమింది. నల్ల కవర్లో అరటితొక్కలు, టీ కప్పులు, బిస్కెట్ కాగితాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. వేలికి చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని చూస్తే పల్చటి గ్లౌజుకు మధ్యవేలి దగ్గర చిన్న చిల్లు, అందులోంచి ఎర్రటి చుక్క. కవరు విప్పింది. తొక్కల మధ్యలో సూదితో సహా ఒక సిరంజి. దాంట్లో రక్తం ఇంకా ఆరలేదు.

అమల అరవలేదు. గ్లౌజు ఊడదీసి నేరుగా కుళాయి దగ్గరికి పోయి వేలిని గట్టిగా పిసికింది. రక్తం ఆగకపోతే నోట్లో పెట్టుకోబోయింది.

“నోట్లో పెట్టొద్దు మే!”

వెనక ఆదిలక్ష్మమ్మ. చీపురు గోడకు ఆనించి గబగబా వచ్చి అమల మణికట్టు పట్టుకుంది.

“పిసకొద్దు. ఊరికే నీళ్ల కింద పెట్టు. సబ్బు పూసి కడుగు. రుద్దొద్దు.” ఆమె గొంతులో కంగారు లేదు. “ఉత్త సూదా, రక్తం ఉండే సూదా?”

“రక్తం ఉండాదక్కా. తడిగానే ఉండాది.”

“ఎవురిది?”

“ఎవురికి తెలుసు? వార్డులో పద్నాలుగు మంది ఉండారు.”

ఆదిలక్ష్మమ్మ గోడ గడియారం వైపు చూసి, “ఈ టైము గుర్తు పెట్టుకో” అంది.

ఇద్దరూ కిందికి దిగి సూపర్‌వైజర్ మునిచంద్ర దగ్గరికి పోయారు. అతను చెడ్డవాడు కాదు. ఎప్పుడూ రెండు ఫోన్లతో సతమతమవుతూ ఉంటాడు. ఒక ఫోను చెవి దగ్గర పెట్టుకునే విన్నాడు.

“ఈ ఆసుపత్రిలో సూది గుచ్చుకోని వాళ్లు ఎవరున్నారమ్మా? సిస్టర్‌తో చెప్పి టీటీ వేయించుకో. చెయ్యి కడుక్కున్నావు కదా, ఏం కాదు. ఈ మాట పేషెంట్ల ముందర మాత్రం అనొద్దు.”

టీటీ ఇంజెక్షన్ వేయించుకుని బయటికొచ్చిన అమలకు అయిపోయిందనే అనిపించింది. మళ్లీ మెట్లెక్కబోతుంటే ఆదిలక్ష్మమ్మ కొంగు పట్టి ఆపింది.

“యాడికి? పద, పెద్దాసుపత్రికి పోదాం.”

“టీటీ వేసినారు కదక్కా.”

“అది తుప్పుకి. రక్తం ఉండే సూదికి అది సాలదు. హెచ్‌ఐవీ రాకుండా మాత్రలు ఇస్తారు. మూడు దినాల లోపల మొదలు పెట్టాల. అంత దాకా ఆగకూడదు, ఎంత బిరీన పడితే అంత మంచిది.”

ఆ పేరు వినగానే అమల ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసింది. “నీకెట్ల తెలుసక్కా ఇదంతా?”

“తెలుసులే. నడువు ముందు.”

కళ్లు తిరుగుతున్నాయని చెప్పి సెలవడిగి ఇద్దరూ షేర్ ఆటో ఎక్కారు.

*

ప్రభుత్వ ఆసుపత్రిలో పాత భవనం వెనక, మందుల గోదాము పక్కన, బయట ఒక నంబరు తప్ప పెద్ద బోర్డేమీ లేని గది ఉంది. ఎవరినీ దారి అడగకుండా ఆదిలక్ష్మమ్మ అక్కడికి తీసుకుపోయింది. బయట బెంచీల మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు. మామూలు మనుషులు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఒక పిల్ల చంటిబిడ్డకు పాలు పడుతోంది. చివరి బెంచీలో కూర్చున్న ముసలామె తలెత్తి ఆదిలక్ష్మమ్మను చూసి నవ్వింది.

“ఏం మే లక్ష్మీ, నీ తేదీ ఇంకా రాలేదే? మాత్రలు అయిపోయినాయా?”

అమల ఆదిలక్ష్మమ్మ ముఖం వైపు చూసింది. ఆమె చూపు తిప్పుకోలేదు.

“నాకోసం కాదు పెద్దమ్మా. ఈ పిల్లకు సూది గుచ్చుకునింది. మేడం ఉండాదా లోపల?”

ఆ గదిలో సలహాలు చెప్పే కౌన్సిలర్ పేరు సుజన. నలభై ఏళ్ల మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక పెన్ను. ఏ సూది, ఎంత లోతు, ఎన్నింటికి, కడిగారా అని వరసగా అడిగింది. ఆదిలక్ష్మమ్మ బయటే నిలబడింది. ముందు అమల రక్తం తీసి అప్పటికప్పుడు పరీక్ష చేశారు. ఇరవై నిమిషాలకు ఫలితం వచ్చింది. లేదు.

“మరింక మాత్రలు ఏమిటికి మేడం?”

“ఈ పరీక్ష నిన్నటి దాకా నీ ఒంట్లో లేదని చెప్తుందమ్మా. ఈపొద్దు గుచ్చుకున్నది ఈపొద్దే కనపడదు. నిజం చెప్పాలంటే, ఆ సూది హెచ్‌ఐవీ ఉండే మనిషిది అనుకున్నా కూడా, అట్లాంటి సూది వెయ్యి మందికి గుచ్చుకుంటే ముగ్గురికి వస్తుందేమో. అది నీకు వచ్చే అవకాశం శానా తక్కువ. కానీ ఆ ముగ్గురిలో నువ్వు ఉండకూడదని ఈ మాత్ర. దినానికి ఒకటి. ఇరవై ఎనిమిది దినాలు. ఒక్క దినం కూడా తప్పకూడదు.”

డాక్టరు రాసిచ్చాక సుజన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత తీసి మొదటి మాత్ర అక్కడే మింగించింది. పన్నెండుంపావు అయింది.

“దీంట్లో ముప్పై ఉంటాయి. ఇరవై ఎనిమిదే నీవి. మిగిలిన రెండూ తెచ్చియ్యి. ఆరు వారాలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి, ఆర్నెల్లకు ఒకటి, మూడు పరీక్షలకు రావాల. అంతవరకూ ఇంట్లో మీ ఆయన దగ్గర జాగ్రత్త.” ఏ జాగ్రత్తో విడమరిచి చెప్పి నిరోధ్‌లు ఉన్న ఒక కాగితం పొట్లం చేతికిచ్చింది. “ఆయనకు చెప్పు. దాస్తే నీకే కష్టం. ఇంకొక మాట. మీ ఆసుపత్రిలో పుస్తకంలో రాయించు, ఏ దినం, ఎన్ని గంటలకు గుచ్చుకుందో.”

బయటికొచ్చాక ఇద్దరూ గేటు దగ్గర అరుగు మీద కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. ఆదిలక్ష్మమ్మ చెరుకు రసం రెండు గ్లాసులు తెచ్చి ఒకటి అమల పక్కన పెట్టింది, చేతికివ్వలేదు.

“పదైదేళ్లయింది నేను ఈడికి వస్తా ఉండేది,” అంది. “మా ఆయప్ప, నా మొగుడు గోవిందు, బెల్లం లారీ తోలేవాడు. పోయేటప్పటికి తూకం ముప్పై కిలోలు. ఆయప్ప పోయినాకనే నాకు పరీక్ష చేసినారు. మా ఊళ్లో కుళాయి దగ్గర నా బిందె పెట్టనియ్యలేదు. ఈడికి వచ్చేసినా. మొదట్లో పొద్దున రెండు మాత్రలు, సాయంత్రం రెండు. కాళ్లు మంటలు, ముఖమంతా పీక్కపోయింది. ఇప్పుడు దినానికి ఒకటే. మూడు నెలలకు ఒకేసారి ఇస్తారు. రక్తంలో యాడుందో వెతికినా కనపడనంత తగ్గిందని చెప్పినారు.”

అమల గ్లాసు ముట్టకుండా రోడ్డు మీద పోయే ఆటోలను చూసింది.

“నీకు చెప్పకుండా ఐదేళ్లు నీతో తిన్నా. కోపం ఉంటే అనేసెయ్.”

“కోపం కాదక్కా,” అని మాత్రం అంది అమల. రసం సగం తాగి, తలనొప్పిగా ఉందని ఇంటికి బయల్దేరింది.

ఆటోలో కూర్చున్నాక ఆమెకు ఒక సంగతి తట్టింది. ఆదిలక్ష్మమ్మ ఆ గది ఎక్కడుందో చెప్పి తనను ఒంటరిగా పంపి ఉండొచ్చు. అక్కడ తనను గుర్తుపట్టేవాళ్లు ఉంటారని ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది.

*

అమల భర్త ఇమ్మానుయేల్ పాల వ్యాను తోలుతాడు. తెల్లారక ముందే పూతలపట్టు వైపు పల్లెల్లో క్యాన్లు ఎత్తుకుని చిత్తూరు శీతలీకరణ కేంద్రంలో దింపి తొమ్మిదింటికి ఇంటికొస్తాడు. సాయంత్రం మళ్లీ ఒక ట్రిప్పు. వాళ్లకు పదకొండేళ్ల కూతురు. అమల రెండు రోజులు మాత్రల డబ్బాను బైబిలు పెట్టే అరలో వెనక్కి తోసి దాచింది. మూడో రోజు అతను క్యాన్లు కడుగుతుంటే పక్కన నీళ్లు పోస్తూ చెప్పేసింది.

ఇమ్మానుయేల్ క్యాను అట్లే పట్టుకుని నిలబడిపోయాడు.

“ఎవురు వేసినారు ఆ సూది చెత్తలో?”

“తెల్దు.”

“ఆ మునిచంద్ర ఏమన్నాడు?”

“టీటీ వేయించుకోమన్నాడు.”

“పెద్దాసుపత్రికి ఎవురు తీస్కపోయినారు?”

“తెలిసినామె,” అంది అమల. అంతకు మించి చెప్పలేదు. తర్వాత తల దించుకుని, కౌన్సిలర్ చెప్పిన జాగ్రత్త గురించి చెప్పి, పొట్లం చూపించింది.

అతను పొట్లం వైపు, ఆమె వైపు చూసి, క్యాను బోర్లించి లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి మిద్దె మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఉక్కపోతగా ఉందన్నాడు. కోప్పడలేదు, మాట పెద్దది చేయలేదు. కూతురితో మామూలుగానే ఉన్నాడు. అమలకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే కూతురు ముందు పోతోంది. ఇమ్మానుయేల్ మెల్లగా అన్నాడు:

“నిన్న ఆ మేడం దగ్గరికి పోయినా.”

“యా మేడం?”

“నీ చీటీ మీద పేరుండాది కదా, సుజన అని. నీ పేరు చెప్పలా. ఎవురికన్నా ఇట్ల సూది గుచ్చుకుంటే ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాల అని అడిగినా. రెండు ప్రశ్నలకు ఆమె ఇరవై జవాబులు చెప్పింది. పక్కన పడుకుంటే రాదంట. ఒకే గిన్నెలో తింటే రాదంట.” ముందు నడుస్తున్న కూతురి వైపు ఒకసారి చూశాడు. “నువ్వూ పరీక్ష చేసుకో అనింది. చేసుకున్నా. లేదు. ఆ బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చుంటే చొక్కా తడిసిపోయింది నాకి. నువ్వు ఆర్నెల్లు ఎట్ల కూర్చుంటావో.”

అమల కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఈపొద్దు మాత్ర ఏసుకున్నావా?” అని అడిగాడు.

“లేదింకా. పొద్దున చర్చి తొందరలో మరిచిపోయినా.”

“పద, బిరీన పోదాం.”

ఆ సాయంత్రం చాప మిద్దె మీద నుంచి కిందికి వచ్చింది.

*

ఇంట్లో సంగతి సర్దుకుంది కానీ ఆసుపత్రిలో సంగతి సర్దుకోలేదు. అది అమల చేతిలో ఉన్న పని.

ఆ బుధవారం తర్వాత ఆదిలక్ష్మమ్మ మధ్యాహ్నం మెట్ల కిందికి రావడం మానేసింది. తన గిన్నె తీసుకుని పైన నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని తినేది. అమలను పిలవలేదు, ఏమీ అడగలేదు. పని దగ్గర మాత్రం ఎప్పటి మాదిరే ఉండేది. అమల ఒంటరిగా కూర్చుని రెండు ముద్దలు తిని లేచేది. మాత్రల వల్ల కడుపులో తిప్పుతున్నట్టు ఉండేది. ఆకలి లేదు కాబట్టి ఒంటరిగా తింటున్నానని తనకు తాను చెప్పుకునేది. అది పూర్తిగా నిజం కాదని ఆమెకు తెలుసు.

అమల చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఈ జబ్బుతో పోయినాయన పరుపును, కంచాన్ని, దుప్పట్లను ఊరి బయట కుప్పపోసి కాల్చారు. పిల్లలందరూ చూశారు. తింటే రాదు, తాగితే రాదు అని సుజన మేడం చెప్పింది, తన భర్తే చెప్పాడు. తెలిసింది, నమ్మింది కూడా. అయినా ఐదేళ్లుగా ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నానని గుర్తొచ్చినప్పుడల్లా ఆ పొగ వాసన ఎక్కడి నుంచో వచ్చేది. తనను కాపాడిన మనిషి గురించి ఇట్లా అనుకుంటున్నానే అని సిగ్గు వేసేది. ఆ సిగ్గు వల్ల ఆదిలక్ష్మమ్మ ఎదురుగా నిలబడలేక ఇంకా దూరంగా జరిగేది.

ఎనిమిదో రోజు పొద్దున అమల రెండుసార్లు వాంతి చేసుకుంది. వార్డు తుడుస్తూ తుడుస్తూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆదిలక్ష్మమ్మ వచ్చి బకెట్ పక్కకు జరిపి, కొంచెం ఎడంగా కూర్చుంది.

“మాత్ర మానేస్తానక్కా. నాకి కావట్లేదు.”

“గమ్మునుండు. మానేది లేదు. ఎప్పుడు ఏసుకుంటా ఉండావు?”

“పొద్దున, లేస్తానే.”

“ఉత్త కడుపుతోనా? రాత్రి అన్నం తిన్నాక ఏసుకోని పడుకో. కడుపులో తిప్పినా నిద్దట్లో తెల్దు. బలానికి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఏమన్నా మింగుతా ఉండావా? ఉంటే వాటిని దీంతో కలపొద్దు, మధ్యాన్నం ఏసుకో. పది దినాలకు ఒళ్లు అలవాటు పడతాది.”

“నీకు కూడా ఇట్లే అయిందా?”

“ఈ మాత్ర మార్చినప్పుడు నాలుగు దినాలు. అంతే.”

అమల తల తిప్పి చూసింది. “ఈ మాత్రంటే?”

“నువ్వు ఏసుకునేదే మే. నాదీ అదే. తెల్ల డబ్బా, ముప్పై మాత్రలు. ఇద్దరికీ ఒకటే మాత్ర. నీకు రాకుండా, నాకు పెరగకుండా. నువ్వు ఇరవై ఎనిమిది దినాలకు ఆపేస్తావు, నేను ఆపను.”

అమల లేచి వార్డు తుడవడం ముగించింది. ఆ రోజు మధ్యాహ్నం గిన్నె తీసుకుని ట్యాంకు దగ్గరికి ఎక్కింది. ఆదిలక్ష్మమ్మ ఒక్క ముద్ద సంగటి తుంచి ఊరిబిండిలో అద్దుతోంది. అమలను చూసి చెయ్యి ఆపింది.

“జరుగు,” అంది అమల. పక్కన కూర్చుని, ఆమె గిన్నెలోంచి ఊరిబిండి వేలితో తీసి తన అన్నంలో కలుపుకుంది. మొదటి ముద్ద నీళ్లతో మింగింది. రెండోది సులువుగానే దిగింది. నాలుగు ముద్దలయ్యాక, “ఉప్పు ఎక్కువయిందక్కా,” అంది.

“వాంతులు చేసుకున్న నోటికి అట్లే ఉంటాది. మూసుకోని తిను,” అంది ఆదిలక్ష్మమ్మ. అంటున్నప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి కానీ ముఖం మాత్రం విసుక్కుంటున్నట్టే పెట్టింది.

*

రెండు రోజుల తర్వాత మునిచంద్ర అమలను పిలిపించాడు. అతని గది తలుపు తెరిచే ఉంది. బయట వరండాలో ఆదిలక్ష్మమ్మ తడిగుడ్డతో నేల తుడుస్తోంది.

“నువ్వు పెద్దాసుపత్రిలో ఆ సెంటర్ దగ్గర కనపడినావంట. మన పెద్ద డాక్టరు అడిగినాడు. ఏంది కథ?”

“సూది గుచ్చుకునింది కదా సార్. మాత్రలు తెచ్చుకున్నా.”

“అక్కడికి పొమ్మని నీకు ఎవరు చెప్పినారు? ఆదిలక్ష్మమ్మేనా? ఆపొద్దు ఇద్దరూ కలిసే పోయినారు. ఆమెకి ఇవన్నీ ఎట్లా తెలుసు?”

వరండాలో తడిగుడ్డ చప్పుడు ఆగింది.

“ఆమెకేం తెలుసు సార్? కళ్లు తిరుగుతా ఉంటే నేనే తోడు పిలుచుకుపోయినా. మాత్రల సంగతి మా ఇంటాయన చెప్పినాడు. డ్రైవర్లకు మీటింగ్ పెట్టి చెప్తారంట ఇట్లాంటివి.”

మునిచంద్ర తల ఊపాడు. డ్రైవర్లకు అట్లాంటి మీటింగులు పెడతారని అతనూ విన్నాడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపితే అమల కదలలేదు. తనకే తెలియని ధైర్యం వచ్చింది.

“సార్, ఆపొద్దు జరిగింది పుస్తకంలో రాయండి. తేదీ, టైముతో సహా. రేపు నాకు ఏమన్నా అయితే ఏ దినం గుచ్చుకునిందో ఉండాల కదా.”

“రాస్తాంలే.”

“ఇప్పుడే రాయండి సార్. నేను ఈడనే ఉంటా. ఇంకొకటి. వార్డులో సూదులు వేసే గట్టి డబ్బా పగిలిపోయి రెండు నెలలయింది. అందుకే చెత్తలో పడేస్తా ఉండారు. కొత్తది పెట్టించండి. మందం గ్లౌజులు ఇప్పించండి. గుచ్చుకునేది మాకు ఒక్కరికే కాదు, సిస్టర్లకి కూడా.”

మునిచంద్ర ఆమె వైపు వింతగా చూశాడు. ఐదేళ్లలో ఆమె అతని ముందు ఇంతసేపు మాట్లాడింది లేదు. సొరుగులోంచి పుస్తకం తీసి రాశాడు. వారంలో రెండు తెల్లటి గట్టి డబ్బాలు వచ్చాయి. గ్లౌజులకు ఇంకో నెల పట్టింది.

అమల మాత్రలు అయిపోయాయి. మిగిలిన రెండూ సుజన చేతికి తిరిగి ఇచ్చింది. ఏప్రిల్ చివర ఆరు వారాల పరీక్షలో లేదు అని వచ్చింది. ఆ రోజు ఇమ్మానుయేల్ కూతురికి కొత్త చెప్పులు కొనిచ్చాడు, ఎందుకో చెప్పలేదు.

*

మే నెలలో పెద్ద డాక్టరు ఒప్పుకుని ఆసుపత్రి సిబ్బందికి ఒక మధ్యాహ్నం శిక్షణ పెట్టించాడు. చెప్పడానికి వచ్చింది సుజన. హాల్లో ముప్పై మంది కూర్చున్నారు. సుజన అమలను చూసీ చూడనట్టు చూసింది. ఆదిలక్ష్మమ్మను అసలు తెలియనట్టే ఉంది.

“సూది గుచ్చుకుంటే మొట్టమొదట ఏం చేయాల? ఎవరైనా చెప్తారా?”

నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడింది. అమల కూర్చోమని సైగ చేసింది.

“పిసకకూడదు మేడం. నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో నీళ్ల కింద కడగాల. టైము రాసుకోవాల. ఎంత తొందరగా అయితే అంత తొందరగా మాత్ర మొదలు పెట్టాల, మూడు దినాలు దాటితే పనిచెయ్యదు. ఇరవై ఎనిమిది దినాలు మానకూడదు. తర్వాత మూడు తూర్లు పరీక్ష.”

ముందు కుర్చీలో మునిచంద్ర వెనక్కి తిరిగాడు.

“ఏంది ఆదిలక్ష్మమ్మా, డాక్టరు మాదిరి చెప్తా ఉండావు! ఎక్కడ నేర్చుకున్నావు?”

“అమలకు జరిగింది కదా సార్,” అంది ఆమె తొణక్కుండా. “ఆమె దినామూ చెప్తా ఉంటే నాకి పాఠం వచ్చేసింది.”

అందరూ నవ్వారు. సుజన కూడా పెన్ను అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం మెట్లు దిగుతూ ఆదిలక్ష్మమ్మ అంది: “నువ్వు నాకోసం ఒక అబద్ధం చెప్పినావు. నేను నీ పేరు పెట్టి ఇంకొకటి చెప్పినా.”

“నాకి భయంతో పానం పోయిందక్కా.”

“నాకి మాత్రం పోలేదా? అయినా తెలిసింది చెప్పకుండా కూర్చుంటే రేపు ఇంకో పిల్ల వేలు నోట్లో పెట్టుకుంటాది.”

జూన్‌లో మూడు నెలల పరీక్షకు పోయేటప్పటికి రోడ్లన్నీ తోతాపురి మామిడి ట్రాక్టర్లతో నిండిపోయాయి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కిలోమీటర్ల కొద్దీ వరసలు. ఆటో ఇరుక్కుపోయి అమల చివరి మైలు నడిచే పోయింది. ఆ పరీక్షలోనూ లేదు అనే వచ్చింది.

*

ఆఖరి పరీక్ష సెప్టెంబరులో. ఆదిలక్ష్మమ్మ మాత్రలు తెచ్చుకునే తేదీ కూడా అదే వారం పడింది. “మా ఇంటాయన వ్యానులో పోదాం, నువ్వూ రా,” అని అమల అంది. ఆదిలక్ష్మమ్మ ఒక రోజంతా ఆలోచించి సరేనంది.

పొద్దున పాలు దింపి వచ్చిన ఇమ్మానుయేల్ ముందు సీటు గుడ్డతో తుడిచి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. వెనక ఖాళీ క్యాన్లు గలగలలాడుతున్నాయి. అమలతో పనిచేసే అక్క అని అతనికి తెలుసు, తోడుగా వస్తోందనుకున్నాడు. సెంటర్ దగ్గర ముగ్గురూ దిగాక అమల పరీక్ష గది వైపు పోయింది. ఆదిలక్ష్మమ్మ సంచిలోంచి చివర్లు నలిగిన పచ్చ రంగు పుస్తకం తీసి మందుల కిటికీ దగ్గర పెట్టి టోకెన్ తీసుకుంది. ఇమ్మానుయేల్ చూశాడు. ఆమె వచ్చి అతని పక్కనే కూర్చుంది.

“నేను నాకోసమే వచ్చినా అబ్బాయా,” అంది. “పదైదేళ్లుగా వస్తా ఉండా.”

అతను ఆమె వైపు తిరిగాడు.

“ఆపొద్దు అమలను ఈడికి తీస్కొచ్చింది మీరేనా?”

“నేనే.”

“తెలిసినామె, తెలిసినామె అనేది. ఆర్నెల్లు అడిగినా పేరు చెప్పలేదు నాకి.”

“తెలుసు. అందుకే ఈపొద్దు నేనే చెప్తా ఉండా.”

ఇమ్మానుయేల్ ఆమె చేతిలోని టోకెన్ వైపు చూశాడు. “మీది పంతొమ్మిది. ఇంకా ఏడు మంది ఉండారు. పొద్దున ఏమీ తిన్నట్టు లేరు. గేటు దగ్గర ఇడ్లీ బాగుంటాదక్కా, రండి.”

వాళ్లు తిని వచ్చేటప్పటికి అమల సుజన గదిలోంచి బయటికి వస్తోంది. చేతిలో కాగితం ఉంది. ఏమీ చెప్పకుండా దాన్ని భర్తకిచ్చి, ఆదిలక్ష్మమ్మ భుజం మీద తల ఆనించింది. ఇమ్మానుయేల్ పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

సుజన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఇంక ఈ పనిమీద నువ్వు రావాల్సిన పని లేదమ్మా అమలా.” ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగి, “కొత్త ఇంజెక్షన్ వచ్చింది తెలుసా? జబ్బు రాకముందే ఆర్నెల్లకొకసారి వేస్తే కాపాడుతుందంట. వేరే దేశాల్లో మొదలుపెట్టినారు. మన దాకా రావాల ఇంక,” అంది.

“ఆర్నెల్లకొకటా?” ఆదిలక్ష్మమ్మ ఆశ్చర్యపోయింది. “మా ఆయప్పకు జ్వరం వస్తే ఊళ్లో అందరూ గాలి సోకిందని తాయెత్తు కట్టినారు మేడం. ఆ జబ్బు పేరు పలికేవాళ్లు కూడా లేరు.” సంచి భుజానికి తగిలించుకుని, “వస్తే మంచిదే. మా తర్వాత వాళ్లకైనా పనికొస్తాది,” అంది.

ఆదిలక్ష్మమ్మ కిటికీలో మాత్రలు తీసుకున్నాక, తిరుగు దారిలో ఇమ్మానుయేల్ ఆమెను వాళ్ల వీధి చివర దించుతానన్నాడు. “ఈడ కాదు, ఇంకా లోపలికి పో,” అని ఆమె దారి చూపించింది. రేకుల కప్పు వేసిన ఒంటి గది ఇల్లు. గడప ముందు కనకాంబరం మొక్క. ఐదేళ్లలో అమల వీధి మొగ దాకా వచ్చింది కానీ ఇంటి లోపల ఎట్లుంటుందో చూసింది లేదు. ఆదిలక్ష్మమ్మ ఎవరినీ పిలిచేది కాదు.

ఆమె తాళం తీసి, తలుపు పూర్తిగా తెరిచి, వెనక్కి తిరిగింది.

“రా మే. అబ్బాయా, నువ్వు కూడా. కాఫీ పెడతా.”

ఇమ్మానుయేల్ వ్యాను ఇంజిన్ ఆపాడు. ఇద్దరూ చెప్పులు విడిచి లోపలికి పోయారు.